తొలిపోటు

కుట్లవాడకు కోటగోడ లేదు. గోడకు బదులు ఊరి చుట్టూ తోళ్ళు నిలబడి ఉంటాయి. అడవిదున్నల తోళ్ళు, ఖడ్గమృగాల తోళ్ళు, ఏటి మడుగుల్లో తరాల తరబడి బతికిన ముసలి మొసళ్ళ తోళ్ళు. వాటిని వెదురు చట్రాలకు బిగించి వరసగా ఆరబెడితే, దూరాన్నించి వచ్చేవాడికి ఏదో మృగాల సైన్యం ఒళ్ళు విప్పి ఒడ్డున పెట్టి స్నానానికి దిగినట్టు కనిపిస్తుంది. గాలి వీస్తే ఆ తోళ్ళన్నీ రణభేరుల్లా ఒక్కసారి డమడమలాడతాయి. ఆ చప్పుడుకే పగవాళ్ళు వెనక్కి మళ్ళారని ఊరివాళ్ళు చెప్పుకుంటారు. వాసనకు మళ్ళారని బయటివాళ్ళు చెప్పుకుంటారు.

పొద్దు నడినెత్తికి ఎక్కకముందే, ఆ తోళ్ళ నడిమి బాటన ఇద్దరు మనుషులూ ఒక కంచరగాడిదా ఊళ్ళోకి వచ్చారు. ముందు నడిచేవాడు మావటి వేషంలో ఉన్న పడుచువాడు. తలకు మాసిన పాగా, నడుముకు అంకుశం. వెనక నడిచేవాడు తెల్లగడ్డం ముసలాయన. ఆయన చేతిలో తాటాకు గొడుగుంది. చిత్రమేమంటే, తన బట్టతల ఎండకు పెనంలా కాగుతున్నా ఆయన ఆ గొడుగు తనకు పట్టుకోలేదు. గాడిద వీపు మీది మూటకు పట్టాడు.

పడుచువాడు నిజానికి మావటి కాడు. రత్నకందర రాజ్యానికి యువరాజు, జయంధరుడు. అతని చెల్లెలు కువలయను మాయల కరాళుడు ఎత్తుకుపోయి, కుట్లవాడ పక్క లోయకు ఆవలిగట్టున కనిపించే నల్లటి దుర్గంలో పెట్టాడు. ఎత్తుకుపోయే వేళ ఆమె జడలోంచి రాలిన సంపెంగ పువ్వు జయంధరుడి నడుములో ఉంది. ఆ పువ్వు వాడలేదు. రోజుకొక రెక్క చొప్పున రాయవుతోంది. అక్కడ చెల్లెలూ అట్లాగే, పాదాల నుంచి పైకి రాయవుతోందన్నమాట. పువ్వులో ఇక ఒక్క రెక్క మెత్తగా మిగిలింది. అది ఈ పొద్దు గూకేసరికి రాయైపోతుంది.

దుర్గానికి కాపలా సైనికులు కారు. ఇనుపముక్కు రాబందులు. సైనికులైతే జయంధరుడికి బెదురు లేదు. తల్లి చనిపోతూ అతని వేలికి తొడిగిన నాగమణి ఉంగరం ఉన్నంతవరకు, అతని మీద ఎత్తిన ఏ మనిషి చేయైనా మోచేతి దాకా కాలి బూడిదవుతుంది. కాని రాబందులకు చేతులుండవు కదా! వాటి ముక్కుపోటుకు ఆగేది లోకంలో ఒకటే వస్తువు, జయంధరుడి తండ్రి ప్రతాపధర మహారాజు తొడిగిన మకరకవచం. మూడు పొరల మొసలితోలు. అది రాజుల సమాధుల్లో పడి ఉందని చెప్పి, దారి చూపించి, తవ్వి తీయించినవాడే ఈ తెల్లగడ్డం ముసలాయన. పేరు శుభంకరుడు. నాన్నగారి నాటి వైద్యుణ్ణని చెప్పుకొని అడవిలో కలిశాడు.

కవచం దొరికిందిగాని ఎడమభుజం దగ్గర మెడ నుంచి చంక దాకా రెండుగా విడిపోయి ఉంది. తొడిగితే తెరచాపలా వేలాడుతుంది. అందుకే ఈ ఊరు.

ఊరి పెద్ద కుట్టరి దాసప్ప అరుగు మీద కూర్చుని దారానికి మైనం పట్టిస్తున్నాడు.

"రావయ్యా మావటీ! ఏం తెగింది? గంటపట్టీనా, మోకునా?"

"కవచం, పెద్దాయనా. భుజం కుట్టాలి. పొద్దు వాలకముందే కావాలి."

"పొద్దు వాలకముందేనా! పెళ్ళికూతురి రైక అనుకున్నావా? సరే, విప్పు."

జయంధరుడు మూట విప్పాడు. శుభంకరుడు గొడుగు దగ్గరికి జరిపాడు. దాసప్ప వంగి చూశాడు. చూసినవాడు చూసినట్టే వెనక్కి పడ్డాడు. మైనం ముద్ద అరుగు మీద నుంచి దొర్లి గాడిద కాళ్ళ కిందికి పోయింది.

"ఓరి నాయనో! సచ్చిన రాజు చొక్కా! తియ్, తియ్, నా వాకిట్లోంచి తియ్!"

తలుపు ధడేలుమంది. లోపల గడియ పడింది. ఆ చప్పుడుకు పక్కింటి తలుపు, దాని పక్కింటి తలుపు, వీధి వీధంతా పిట్టలు లేచినట్టు వరసగా మూసుకుపోయాయి. ఎండలో జయంధరుడూ, గొడుగు పట్టిన ముసలాయనా, గాడిదా మిగిలారు.

ఎందుకంత భయమంటే, కుట్లవాడలో ఒక ఆచారం ఉంది. కవచానికి కుట్టు వేసినవాడే దాన్ని ముందుగా తొడుక్కోవాలి. వేయించుకున్నవాడు తన చేతులారా, ఒంట్లో ఉన్న సత్తువంతా పెట్టి, ఊరిదేవత సూదులమ్మ గుడిపాక నీడలో బల్లెంతో ఆ కుట్టు మీదే పొడవాలి. దాన్ని తొలిపోటు అంటారు. కుట్టు నిలిస్తే కుట్టినవాడు నిలుస్తాడు. విడిపోతే రెండూ విడిపోతాయి, కుట్టు తోలు నుంచి, కుట్టినవాడు లోకం నుంచి. అందుకే ఆ ఊళ్ళో పనిదొంగలు లేరు. ఉన్నవాళ్ళు ఎప్పుడో అయిపోయారు.

గాటప్ప అనే కండల వస్తాదు మాత్రం తలుపు తీసుకొని బయటికొచ్చాడు. "ముసలోళ్ళకి పిరికి. ఇట్లా తే" అని, అరంగుళం మందం సూది తీసుకొని మొసలితోలులో గుచ్చాడు. సూది ఠప్పున విరిగింది. ఇంకొకటి గుచ్చాడు. అదీ విరిగి ముక్క వెళ్ళి వాడి ముక్కుకే తగిలింది.

"సూదులు మంచివి కావు" అన్నాడు గాటప్ప ముక్కు పట్టుకొని.

"పోనీ, దీనికి సరిపోయే సూది ఎవరి దగ్గరుంది?"

గాటప్ప అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఊరవతల ఏనుగుల దొడ్డిలో లింగసాని ఉంది. ఏనుగుల నడుంపట్టీలు కుడుతుంది. ఆమె ఆరె విరగదు. కాని ఆమె ముందు ఈ కవచం పెట్టాలంటే నీకు గుండె ఉండాలన్నా. ఆమె మొగుడు మల్లన్నే దీన్ని కుట్టింది. తొలిపోటుకు కొండలా నిలబడినాడు. తీరా ఆ రాజు పోయి యుద్ధంలో, మట్టమధ్యాహ్నం, గుర్రం మీద కూర్చున్నోడు కూర్చున్నట్టే సచ్చినాడు. ఒంటి మీద గీత లేదు. కుట్టులో ఏదో చేతబడి చేసినాడని మల్లన్నని ఏనుగుతో తొక్కించినారు రాజుగారి మనుషులు."

తండ్రి చావు మాత్రమే జయంధరుడికి తెలుసు. అప్పటికి అతను ఉయ్యాలలో ఉన్నాడు, చెల్లెలు తల్లి కడుపులో ఉంది. ఆ చావుకు తోడుగా పంపిన చావు సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

"వద్దు నాయనా, ఇంకో ఊరు చూద్దాం" అన్నాడు శుభంకరుడు.

జయంధరుడు నడుములోంచి సంపెంగ తీసి చూశాడు. మెత్తటి రెక్క కొసన, ఆవగింజంత మేర బూడిదరంగు తిరిగింది. గాడిద పగ్గం అందుకున్నాడు.

ఏనుగుల దొడ్డి పాకలో లింగసాని కూర్చున్న తీరు చూస్తే ఆమే పాకకు నడిమి గుంజేమో అనిపిస్తుంది. తాడిమొద్దుల్లాంటి చేతులు, కొప్పులో పువ్వులకు బదులు నాలుగు సూదులు. ఒడిలో పడగంత వెడల్పు నడుంపట్టీ. ఆరెతో తోలుకు బెజ్జం పొడుస్తోంది. ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు కట్టి, ఒకదాన్ని ఇటు నుంచి, ఇంకోదాన్ని అటు నుంచి ఒకే బెజ్జంలో దూర్చి, రెండు చేతులూ చాచి లాగి బిగిస్తోంది. లాగినప్పుడల్లా పాకలో ఉన్న ఆడ ఏనుగు చెవులు ఆడించేది.

మూట విప్పగానే ఆమె చేతులు గాలిలోనే ఆగిపోయాయి. తర్వాత మెల్లగా వంగి, పసిపిల్ల బుగ్గ తడిమినట్టు కవచం మీద కుట్లు తడిమింది.

"మా మల్లయ్య కుట్టు" అంది. "సూడు, కొసన ముడి లోపలికి దాస్తాడు. సిగ్గు మడిసి." ఉన్నట్టుండి తలెత్తింది. "నువ్వు మావటివి కాదు. అంకుశం కుడిపక్క దోపుకున్నావు, ఏనుగెక్కేటప్పుడు పొట్టలో దిగుద్ది. ఎవరయ్యా నువ్వు?"

శుభంకరుడు ఏదో కల్లబొల్లి చెప్పబోయాడు. జయంధరుడు పాగా విప్పేశాడు.

"ప్రతాపధరుడి కొడుకుని, అమ్మా. నీ మొగుణ్ణి తొక్కించిన ఇంటివాణ్ణి. చెల్లెలు ఆ దుర్గంలో రాయవుతోంది. ఈ కవచం లేకపోతే లోయ దాటలేను. చేతులు పట్టుకొని అడుగుతున్నాను. కాదన్నా నాకు అనడానికి మాట లేదు."

లింగసాని కళ్ళు ఎర్రబడ్డాయి. చేతిలోని ఆరె పైకి లేచింది. ఏనుగు ఒక్కసారి ఘీంకరించింది. శుభంకరుడు గోడకు అతుక్కుపోయాడు. ఆరె దిగింది, జయంధరుడి మెడలో కాదు, పక్కనున్న మొద్దులో, పిడి దాకా. అతని వేలి నాగమణి వేడెక్కనే లేదు, ఆ చేయి అతని మీద ఎత్తింది కాదు.

"నా మొగుణ్ణి ఏనుగు తొక్కితే నేను ఏనుగులకు పట్టీలు కుట్టుకుంట బతుకుతున్నా. ఊళ్ళో ఒక్కడు కవచం తెచ్చి నా ముందు పెట్టలా. ఎందుకో తెలుసా దొరా? మల్లన్న కుట్టు మడిసిని మింగుద్దంట!" ఆరె ఊడబెరికింది. "కుడతా. కాని తొలిపోటు సూదులమ్మ గుడిపాకలో, నీడన, నలుగురి మధ్య వద్దు. నడివీధిలో, ఎండలో, ఊరంతా సూడాల. నేను తొడుక్కొని నిలబడతా. నా మొగుడి కుట్టు మడిసిని మింగుద్దో, కాపాడుద్దో అక్కడ తేలాల."

"తొలిపోటు నీడలోనే పొడవాలని మీ ఆచారం కదమ్మా!" అన్నాడు శుభంకరుడు. "ఎండైతే పొడిచేవాడి కన్ను చెదురుతుందని..."

"నీకెట్టా తెలుసయ్యా మా ఊరి ఆచారం? నువ్వు మా ఊరికి కొత్తోడివి గదా!"

ముసలాయన గడ్డం నిమురుకున్నాడు. "విన్నాను" అన్నాడు. జయంధరుడికి ఆ మాట పట్టించుకునే తీరిక లేదు. పొద్దు పడమటికి తిరిగింది.

లింగసాని పని మొదలుపెట్టింది. విడిపోయిన భుజం రెండు అంచులూ దగ్గరికి తెచ్చి చూసింది. భ్రుకుటి ముడిపడింది.

"దొరా, ఇది యుద్ధంలో తెగింది కాదు. బల్లెం చీల్చితే అంచు పీచుపీచుగా ఉంటది. ఇది నున్నగా ఉంది. కత్తితో కోసినారు. నింపాదిగా, బయటి నుంచి."

"ఎందుకు కోస్తారు?"

"సచ్చినోడి ఒంటి నుంచి ఊడి రాకపోతే కోస్తారు. మరి మా మల్లయ్య నీ తండ్రి కొలతకు బెత్తెడు వదులుగా కుట్టినాడే! వదులు చొక్కా ఎందుకు ఊడి రాలా?"

ఆమె కవచం లోపలికి చేయి పెట్టి, చివాలున తీసేసింది.

"ఈ అస్తరు యాడిది? మా ఆయన వేసింది కాదు. పలచటి తోలు, ముట్టుకుంటే చల్లగా ఉంది. ఈ ఎండలో, ఈ పాకలో, చల్లగా!"

"అది మంత్రించిన అస్తరు" అన్నాడు శుభంకరుడు గబగబా. "దాన్ని కదిలిస్తే రక్ష పోతుంది. భుజం కుట్టు, చాలు. పొద్దు పోతోంది."

పొద్దు నిజంగానే పోతోంది. లింగసాని గొణుక్కుంటూ ఏనుగునరం దారానికి మైనం పట్టించింది. ఇటొక సూది, అటొక సూది. ఆమె లాగినప్పుడల్లా తోలు మూలిగేది. ఒక కుట్టు తెగినా రెండోది పట్టుకొని ఉండే కుట్టు అది. చివరి ముడి వేసి, మొగుడిలాగే కొసను లోపలికి దాచింది. కవచం తొడుక్కొని పక్క తాళ్ళు బిగించుకొని, బల్లెం తీసి జయంధరుడి చేతికిచ్చి, ఊరి నడివీధికి నడిచింది. వీపు మీద పట్టీల మోపుతో ఆడ ఏనుగూ ఆమె వెంట వచ్చింది.

మూసిన తలుపులన్నీ తెరుచుకున్నాయి. తొలిపోటంటే కుట్లవాడలో చంటిబిడ్డ కూడా పాలు మాని చూస్తుంది. దాసప్ప అరుగెక్కాడు. గాటప్ప ముక్కుకు ఆకుపసరు రాసుకొని వచ్చాడు.

"ఎండగా ఉందమ్మా, గొడుగు పడతాను" అంటూ శుభంకరుడు ఆమె వెంట పరుగెత్తాడు.

"ఏనుగుల వెనక ఎండలో నడిచేదాన్ని, నాకు గొడుగేందయ్యా, తప్పుకో!" ఆమె మోచేత్తో ఒక్క తోపు తోసింది. ముసలాయన గొడుగుతో సహా పోయి వీధివార నీళ్ళ తొట్టిలో పడ్డాడు. ఊరు గొల్లున నవ్వింది.

లింగసాని వీధి నడుమ కాళ్ళు ఎడం చేసి నిలబడి ఎడమభుజం ముందుకు పెట్టింది. "సూడండే! ఇది మల్లయ్య కుట్టు, దాని మీద లింగసాని కుట్టు. పొడువు దొరా, నీ తల్లి పాల సత్తువంతా పెట్టి పొడువు!"

జయంధరుడు వెనక్కి పదడుగులు వేసి, బల్లెం ఎత్తి, పరుగందుకున్నాడు.

సగం దూరంలో ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

లింగసాని నోరు తెరిచి ఉంది. మాట రావడం లేదు. కనుగుడ్లు బయటికొస్తున్నాయి. కవచం ఆమె ఒంటి మీద కదులుతోంది. ఊపిరికి లేచిపడే కదలిక కాదు అది. నడుము దగ్గర మొదలై, మెలికలు తిరుగుతూ, పైకి పాకుతూ బిగుసుకుంటోంది. పక్కటెముక ఒకటి పటుక్కున విరిగిన చప్పుడు అరుగు మీద దాసప్ప దాకా వినిపించింది.

"మింగుతోంది!" అని ఎవరో కెవ్వుమన్నారు. "మల్లన్న కుట్టు మింగుతోంది!"

జయంధరుడు బల్లెం పారేసి ఒక్క గెంతున ఆమె మీద పడ్డాడు. నడుములోని కత్తి దూసి భుజం మీది కుట్టుకు ఆనించాడు. కొస ప్రాణంతో ఉన్న లింగసాని ఆ చేతిని పట్టేసింది.

"నా కుట్టు... ముట్టావంటే... చంపుతా. పక్క తాళ్ళు!"

తాళ్ళు కోశాడు. మొసలితోలు తలుపు రెక్కలా తెరుచుకుంది. బిగింపు మాత్రం వదల్లేదు. లోపలి అస్తరు ఆమె ఒంటికి చుట్టలు చుట్టుకొని ఉంది. ఎండ తగిలిన ప్రతిచోటా దాని మీద పసుపుపచ్చ మచ్చలు తేలుతున్నాయి. జయంధరుడు కత్తిమొన దూర్చి అస్తరును కవచానికి పట్టి ఉంచిన దారాలు ఫెళఫెళ తెంపి, రెండు చేతులా పట్టి లాగాడు. అది పట్టు సడలి, మూర తర్వాత మూర, మూర తర్వాత మూర, వీధి అడ్డంగా పడింది.

ఎముక లేదు, మాంసం లేదు, లోపల ప్రాణి లేదు. ఉత్త కొండచిలువ తోలు. అది తల ఎత్తింది. కళ్ళుండవలసిన చోట రెండు బెజ్జాల్లోంచి అవతలి ఎండ కనబడింది.

ఊరికి ఊరు కొయ్యబారిపోయింది. ఏనుగు కూడా తొండం దించడం మరిచిపోయింది.

ఆ తోలు అటు చూసింది, ఇటు చూసింది. ఇంత జనంలో ఎవ్వరినీ ముట్టకుండా, సరసరా పాక్కుంటూ తొట్టి దగ్గరికి పోయింది. తొట్టిలోంచి తడి గడ్డంతో లేస్తున్న శుభంకరుడి పాదాల దగ్గర చుట్ట చుట్టుకొని, యజమాని ఇంటికొస్తే కుక్క చూసినట్టు ఆయన ముఖంలోకి చూసింది.

జయంధరుడు ముసలాయన చేతి వైపు చూశాడు. అడవిలో తన పుండుకు పసరు పోసిన చేయి, ఆకలేస్తే తేనె తెచ్చిపెట్టిన చేయి. మూట మీద ఆ గొడుగు, పొద్దస్తమానం ఆ గొడుగు!

"చెప్పాను కదరా, ఇంకో ఊరు చూద్దామని" అన్నాడు ముసలాయన. తడిసిన గడ్డం ఊడి తొట్టిలో తేలింది. దాని కింద మసిబొగ్గు లాంటి ముఖం, పెదవి దాటిన రెండు కోరలు. కరాళుడు! "నా పెంపుడు పాము ఇది. దానికి ఆకలేసినప్పుడు, తిండి పెట్టకుండా చంపాను. ఒళ్ళు చచ్చిందిగాని తోలుకు ఆకలి చావలేదు. ఎండ తగిలితే లేస్తుంది. తొలిపోటు నీడలో పెట్టే ఊరు కాబట్టి మల్లడు కుట్టిన కవచంలో దాన్ని దాచడం నాకు సులువైంది. మీ నాయన దాన్ని తొడుక్కొని ఎండలోకి పోయాడు. నువ్వూ తొడుక్కొని ఎండలోకి పోతావనే నీ చెల్లెల్ని ఎత్తుకుపోయాను. నీ మీద నేను చేయెత్తలేను. నీ అంతట నువ్వు చస్తేగాని ఆ ఉంగరం నీ వేలి నుంచి ఊడదు!"

అరుగు మీద దాసప్ప మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "అయితే మల్లన్న... మా మల్లన్న ఏ పాపం ఎరగడే!" అని నెత్తి కొట్టుకున్నాడు. ఆ మాట వీధంతా పాకింది. నేల మీద, విరిగిన ఎముకతో రొప్పుతున్న లింగసాని ఆ మాట విని, కోసిన తాళ్ళతో కవచం ఒంటి నుంచి వేలాడుతుండగా, చేతులు ఆనించి లేచి నిలబడింది.

"ఇంకోసారి చెప్పు దాసప్పా. గట్టిగా చెప్పు."

"నువ్వు!" అన్నాడు కరాళుడు ఆమె వైపు తిరిగి. "ఏనుగుపట్టీలు కుట్టుకొనే ఆడదానివి, నీ వల్ల పాడైంది నా పని. వాడి మీద చేయెత్తలేనుగాని నీ మీద ఎత్తగలను!"

తాటాకు గొడుగు అతని చేతిలో భగ్గుమంది. ఆకు మాడి రాలింది, కర్ర ఎర్రగా కాగి బల్లెమైంది. జయంధరుడు అడ్డం దూకేలోపలే, పిడుగు పడ్డట్టు అది వచ్చి లింగసాని ఎడమభుజం మీద, సరిగ్గా కొత్త కుట్టు మీద దిగింది. ఆమె గాలిలోకి లేచి, తోళ్ళ చట్రాలు రెండు విరుచుకుంటూ వెళ్ళి వెల్లకిలా పడింది. దుమ్ము లేచింది.



దుమ్ములోంచి నవ్వు వినిపించింది. ముందు దగ్గులా, తర్వాత పగలబడి. లింగసాని లేచి కూర్చుంది. భుజం మీద మసి మరక, కింద ముక్కలైన బల్లెం. కుట్టులో ఒక్క పోగు కూడా లేవలేదు.

"అయిపోయింది!" అని అరిచింది. "ఊరంతా సూసినారా? తొలిపోటు అయిపోయింది! రా దొరా, తొడుక్కో!"

కరాళుడు ఈల వేశాడు. లోయ మీద నుంచి ఒక రాబందు వచ్చింది. దాని నీడలో మూడు ఇళ్ళు మునిగాయి. ఇనుపముక్కు ఎండకు తళుక్కుమంది. మాంత్రికుడు పాముతోలును ఉత్తరీయంలా మెడలో వేసుకొని దాని వీపు మీదికి ఎగిరాడు.

లింగసాని కవచాన్ని జయంధరుడి నెత్తి మీదుగా దించింది. తెగిన తాళ్ళకు బదులు ఏనుగు పిల్ల నడుంపట్టీ ఒకటి అతని ఒంటి చుట్టూ తిప్పి, మోకాలు వీపుకు ఆనించి బిగించింది. తన ఆరె తీసి ఆ పట్టీలో దోపింది. "ఉంచుకో. తోలుకి ఆరే మొగుడు. పో, నీ చెల్లెల్ని తీసుకొని రా. పట్టీ నాకు మళ్ళీ కావాల!"

జయంధరుడు పరుగెత్తాడు. రాబందు రెక్కల గాలికి ఆరబెట్టిన తోళ్ళన్నీ ఒక్కసారి డమడమలాడాయి. పక్షి లోయ అంచు దాటింది. దాని పొట్ట కింద, మాంత్రికుడి మెడలోంచి జారి, పాముతోలు తోక వేలాడుతోంది. నేల అయిపోయింది. జయంధరుడు గాలిలోకి దూకి ఆ తోక అందుకున్నాడు.

కింద లోయ, అడుగు కనిపించని లోయ. పైన ఎండ, నిండు ఎండ. అది కవచం మీద పడింది. జయంధరుడు పళ్ళు బిగించి ఎదురుచూశాడు. కవచం కదల్లేదు. తండ్రిని మింగిన చొక్కా అతని ఒంటి మీద బెత్తెడు వదులుగా, మల్లన్న కుట్టినప్పుడు ఎట్లా ఉందో అట్లా ఉంది.

దుర్గం నుంచి రాబందుల గుంపు నల్లమబ్బులా లేచింది. మొదటిది బాణంలా వచ్చి ఎడమభుజం మీద పొడిచింది. ఎముకలు గణగణలాడాయి.

వెనక గట్టు మీద నుంచి ఒక ఆడగొంతు లోయ ఈ చివర నుంచి ఆ చివర దాకా మారుమోగింది.

"కుట్టు పట్టిందా దొరా?"

"పట్టిందమ్మా!" అని అరిచాడు జయంధరుడు, ఉన్న గొంతంతా పెట్టి.

నడుములోని సంపెంగ చల్లగా తగిలింది. ఆఖరి రెక్క సగానికి రాయైంది. చేతిలోని తోక, ఎండ తాగి తాగి, మెల్లగా మణికట్టు చుట్టూ మెలిక వేసింది. పైన, మాంత్రికుడి భుజం మీద నుంచి, ఆ తోలుతల వెనక్కి తిరిగింది. రెండు బెజ్జాల్లోంచి ఆకాశం కనిపిస్తుండగా, ఎన్నో ఏళ్ళ ఆకలితో నోరు తెరుచుకొని అతని ముఖం మీదికి దిగసాగింది.

జయంధరుడు ఖాళీగా ఉన్న చేత్తో పట్టీలోంచి లింగసాని ఆరె లాగాడు.